పాప గుడ్డలకు సెంటు వాసన

ఏమండీ, మనవరాలూ కూతురూ బాగున్నారు, మీ కంగారు కట్టిపెట్టండి.

పాప పిర్రలు కందాయని, తుడిచే కంపెనీ తడి వైప్స్ మాన్పించాను. పసి ఒంటికి సెంటెందుకని ఆ వ్యాపారుల్ని అడిగే నాథుడు లేడు. పాత నూలు దుప్పటి ముక్కలు చేసి, కాచి చల్లార్చిన నీళ్లలో కాస్త కొబ్బరినూనె కలిపి, తడిపి మూత డబ్బాలో పెట్టాను. అయినా పాపను ఎత్తుకుంటే అదే సెంటు వాసన! దండెం మీద ఆరే ముక్కలూ తగ్గాయి. అల్లుణ్ని అనుమానించి ఇల్లంతా వెతికాను. వైప్స్ పొట్లం కూతురి దిండు కింద దొరికింది.

"నేనే దాచానమ్మా. కంపెనీల మీద పోరాటం నీది, ఉతుకుడు నాదా? కాన్పు కుట్లింకా మానలేదు," అంది.

వంట నాకు, ఉతుకుడు దానికి పంచింది నేనే. ఇంట్లో ఒక మగమనిషి ఉన్నాడని, ఆడా మగా సమానమని మీటింగుల్లో గొంతు చించుకునే నాకే తట్టలేదు! అల్లుడు పేపరు చాటునుంచి "నేనప్పుడే అనుకున్నాను అత్తయ్యా," అని ఇకిలించాడు.

"అనుకున్నది చాలు నాయనా, బకెట్ ఎత్తు," అన్నాను.

ఇప్పుడు అతనే ఉతుకుతున్నాడు. సబ్బు పూర్తిగా వదిలిస్తున్నాడో లేదో నమ్మకం లేక, ఆఖరి నీళ్లు నేనే చూస్తున్నాను. పాప పిర్రల ఎరుపు తగ్గుతోంది.

రాత్రి గ్యాస్ కట్టేస్తున్నారా? మా తమ్ముడి చేత పాత దుప్పట్లు రెండు పంపండి. మీరే ఉతికి పంపాలి, పనమ్మాయి చేత ఉతికించకూడదు. ఎవరు ఉతికారో పక్కింటి వదిన నాకు చెబుతుంది.

పాప ముద్దులు మీకు. నావి దుప్పట్లు చూశాక.