కుడివైపు అద్దం

చిరంజీవి ట్రెస్సాకి,

అమ్మ దీవెనలు. మేమిద్దరం ఊపిరితో ఉన్నాం, రెండు పూటలా తింటున్నాం. అంతకంటే బాగున్నామని రాస్తే ఉత్తరం మొదట్లోనే అబద్ధమవుతుంది. నువ్వక్కడ మంచులో ఆస్పత్రి డ్యూటీలు చేస్తూ వేళకి తింటున్నావని అనుకుంటున్నాను.

నువ్వు పంపిన ఊలు మేజోళ్ళు అందాయి. ఎడారి అన్నమాటే గాని తెల్లవారుజామున ఇక్కడా నీళ్ళ గొట్టం గడ్డకడుతుంది. మీ నాన్నకి దగ్గు తగ్గింది. ఇక నీ మూడో ప్రశ్న, నవంబరు నుంచి ఒకే కారవాన్ పార్కులో ఎందుకు ఆగిపోయారని. ఇంజన్ సామాను రావాలని రాశాను కదా. బండికి ఏమీ కాలేదమ్మా. ఫోన్లో చెబితే మధ్యలో ఆపి ప్రశ్నలేస్తావు, నేను తప్పించుకుంటాను. అందుకే రాస్తున్నాను.

మీ నాన్నకి కుడికన్ను దాదాపు పోయింది. గ్లకోమా. పెద్ద బండి నడపొద్దని కిందటి వసంతంలోనే డాక్టరు చెప్పాడు. ఒహాయోలో ఇల్లమ్ముకుని, ఇల్లూ బండీ ఒకటేనని ఈ కారవాన్ కొన్నాం, అది ఆగితే మాకు ఇల్లంటూ లేదు. నీకు చెప్పొద్దన్నాడు, సరేనన్నాను. అప్పటినుంచి ఆయన కుడికన్ను నేనే. కుడివైపు అద్దంలో ఏముందో పక్కన కూర్చుని చెప్పేదాన్ని. బండి వెనక్కి తీసేటప్పుడు దిగి వెనకాల నిలబడి చేత్తో దారి చూపేదాన్ని.

ఈ పార్కుకి వచ్చిన రోజు గాలి విపరీతంగా ఉంది. ఇక్కడ వెండెల్ అని ఒక పెద్దాయన, ఆయన భార్య ఓర్ఫా, వచ్చినవాళ్ళకి చోటు చూపించి సాయం చేస్తుంటారు. వాళ్ళదీ మాలాంటి బండి బతుకే. మీ నాన్న బండి వెనక్కి తీస్తున్నాడు, వెండెల్ కుడివైపు నిలబడి సైగలు చేస్తున్నాడు. చక్రం ఆయన కాలి మీదికెక్కింది. ఆస్పత్రిలో మోకాలి కిందినుంచి కాలు తీసేశారు.

ఆ తర్వాత మీ నాన్న మంచం దిగలేదు. మూడోరోజుకి బండి కిందుండే మురుగు తొట్టి నిండి, స్నానాల గదిలోకి ఎగదన్నింది. ఆ పని ఎప్పుడూ ఆయనదే, నాకు చేతకాదు. బయట గొట్టం పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను. రబ్బరు తొడుగులు వేసుకుని ఓర్ఫా వచ్చింది. ఏ మీట ముందు తిప్పాలో చూపించింది, ఒళ్ళంతా చిందుతున్నా గొట్టం వదల్లేదు. చేతులు కడుక్కుంటూ అంది, "వాళ్ళనెవరైనా చూసుకుంటున్నారా అని వెండెల్ ఆస్పత్రిలో మూడుసార్లడిగాడు. అందుకొచ్చాను. నా అంతట నేనైతే వచ్చేదాన్ని కాదు."

మామీద కోపం లేదా అనడిగాను.

"ఎందుకుండదూ? పొద్దున్నే తీసుకెళ్ళి ప్రభువు ముందు పెడతాను. మధ్యాహ్నానికి మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటాను."

నిన్ను చర్చి గుమ్మం తొక్కకుండా పెంచాం. దేవుడుంటే వచ్చి టైర్లకి గాలి కొట్టమను అని మీ నాన్న అంటే నువ్వూ నేనూ నవ్వేవాళ్ళం. ఇప్పుడూ నవ్వుకో, నాకేం కాదు. ఆ ఆదివారం ఇక్కడి హాల్లో జరిగే ఆరాధనకి వెళ్ళాను. పాటలు రావు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను, మాట రాలేదు. ప్రతి ఆదివారం అంతే. అక్కడ కూర్చుంటే, దాచిందంతా చూస్తూనే ఒకరు ఓపిగ్గా కాచుకున్నట్టుండేది. నాకు నమ్మకం అలా వచ్చింది తల్లీ, హాయిగా రాలేదు. ముల్లు దిగినట్టు దిగింది.

దాచింది ఏమిటంటే, ఆ రోజు నేను వెనకాల లేను. అంతకుముందు ఆగిన చోట నీళ్ళ గొట్టం మరిచిపోయామని ఇద్దరం దారంతా దెబ్బలాడుకున్నాం. "నీ బండి, నువ్వే తిప్పుకో" అని లోపల టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఆయనకి కుడివైపు కనబడదని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను. పోలీసాయన అడిగితే, వెనకాలే ఉండి చూశానని, వెండెల్ ఉన్నట్టుండి అడ్డం వచ్చాడని చెప్పాను. ప్రమాదమని రాసుకుని వెళ్ళిపోయాడు.

రెండు నెలలు మోశాను. పోయిన మంగళవారం మీ నాన్నతో, పోలీసులకి చెప్పేస్తానన్నాను.

"నన్ను జైల్లో పెడతారే," అన్నాడు.

"పెట్టొచ్చు. నన్ను కూడా."

చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత లేచి బండి తాళాలు నా చేతిలో పెట్టి, "ఇవి కూడా వాళ్ళకిచ్చెయ్," అన్నాడు.

ముందు ఓర్ఫా దగ్గరికి వెళ్ళాను. వెండెల్ ప్యాంటు కుడికాలు మడిచి కుడుతోంది. కూర్చోమంది. నిలబడే అంతా చెప్పాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"అంటే ఆయన తప్పేం లేదన్నమాట," అంది. "చూసుకుని నిలబడాల్సిందని రెండు నెలలుగా ఆయన తననే తిట్టుకుంటున్నాడు. మీకు అన్యాయం చేశానని మీకోసం ప్రార్థన చేస్తున్నాడు."

నా అబద్ధం అంత దూరం పోయిందని నాకు తెలియదు ట్రెస్సా. క్షమించమన్నాను.

"ఇంక వెళ్ళండి," అంది.

అటునుంచే పోలీసుల దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు రాసిచ్చాను, తాళాలిచ్చాను. వచ్చే నెల కోర్టుకి రమ్మన్నారు. ఏమవుతుందో తెలియదు. నువ్వు సెలవు పెట్టి పరిగెత్తుకు రాకు. మీ నాన్నకి మాత్రం ఒక ఉత్తరం రాయి, పెద్ద అక్షరాలతో రాయి. తిట్టాలంటే నన్ను తిట్టు.

ఓర్ఫా ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. మురుగు తొట్టి నేనే ఖాళీ చేసుకుంటున్నాను. ఆదివారం హాల్లో ఆవిడ వెండెల్ చక్రాల కుర్చీ పక్కన ముందు వరసలో కూర్చుంటుంది. నేను వాళ్ళ వెనక వరసలో కూర్చుంటాను. ఇప్పుడు ప్రార్థన నోటికొస్తోంది. ఆవిడ ఇంకా నావైపు తిరగలేదు. తిరక్కపోయినా వెళ్తాను.

ఇట్లు,
నీ దగ్గర ఇంకేమీ దాచుకోని
మీ అమ్మ, లవోన్