సారెలో వట్టివేరు

అన్నయ్యకి,

సీమంతం సారెలో ఏం పంపాలని అమ్మ అడిగించింది. ఈ ఉత్తరం అమ్మకి నువ్వే పైకి చదివి వినిపిస్తావు కనుక సిగ్గుపడుతూనే రాస్తున్నాను. కావిడిలో ఒక బుట్ట నిండా అరిసెలు ఉండనీ. రెండో బుట్టలో మన కాలువ గట్టు మీది వట్టివేరు దుబ్బులు తడి గోనె చుట్టి తీసుకురా.

మా పై కొండ మీద చెట్లు కొట్టేసి అభ్రకం తవ్వుతున్నారు. వాన పడితే ఆ రాతిపొడి మా చోడిచేలోకి దిగుతోంది, చేలోని మంచి మట్టేమో కింద పారే గెడ్డలోకి కొట్టుకుపోతోంది. ఆ మట్టిని మీ బావ గంపలతో మళ్లీ పైకి మోస్తున్నారు. నేను గంప ముట్టుకుంటే, "నువ్వు మోసేదొకటి ఉంది కదా, అది సాలు" అంటారు.

వట్టివేరు నాటితే మట్టి ఆగుతుందన్నాను. అత్తగారు నవ్వి, "సారెలో గడ్డి అడిగిన కోడలుగుంటని నిన్నే సూత్తన్నాను" అన్నారు. మర్నాడు చూస్తే చేను గట్టు వెంట మీ బావ వరసగా చిన్న గోతులు తీసి ఉంచారు.

పెద్ద వానలు రాకముందే రా అన్నయ్యా. చిరుజల్లుకే ఆ గోతులు పూడిపోతున్నాయి. ఆయన రోజూ సాయంత్రం మళ్లీ తీస్తున్నారు.

నీ చెల్లెలు