అరువిచ్చిన వయసు

ఫాన్ థియెత్,
2003 ఫిబ్రవరి ఆఖరు.

గాలివానల లెక్కలు రాసే మా ఆయనకి,

మీరు పడవెక్కిన రోజు నుంచీ రాయాలనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు రేవులో నిలబడి చెయ్యి ఊపుతూనే ఉంటే మీ అక్కయ్య "పడవ ఎప్పుడో కనుమరుగైంది, చెయ్యి నొప్పెట్టట్లేదూ?" అంది. నాకింకా కనపడుతోంది వదినా అన్నాను. కొత్త ఏడాదని తెత్ పండుగకి వచ్చిన మనిషి, పండుగకి చేసిన పిండివంటలు అయిపోకముందే దీవికి వెళ్ళిపోతే ఎవరికైనా అలాగే ఉంటుంది. తలుపు వెనక మీ చొక్కా ఒకటి మరిచిపోయారు. నేను ఉతకలేదు.

సరే, ఆ గోల పక్కన పెట్టి సంగతి చెబుతాను. మా చేప సాస్ కంపెనీలో కొత్త షెడ్డు కట్టాలని డైరెక్టరు తువాంగ్ గారు నిశ్చయించారు. చేపలు, ఉప్పు ఊరబెట్టే కొయ్య తొట్లన్నీ ఇక ఒకే కప్పు కింద ఉంటాయి. ఆ పనికి ప్రాజెక్టు మేనేజరు ఎవరనుకున్నారు? సీసాలకి చీటీలు అతికించే మీ ఆవిడే. "ఈ అమ్మాయి నవ్వుతూనే ఎవరితోనైనా పోట్లాడగలదు" అన్నారట ఆయన. అది పొగడ్తో, తిట్టో వదినకీ తేలలేదు, నాకూ తేలలేదు.

నాకు పని నేర్పడానికి సైగాన్ నుంచి కుయెన్ అనే ఆవిడ వచ్చింది. నా ఈడుదే. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది, మాట మాత్రం పెద్ద పంతులమ్మ మాట. ఏ పనికైనా దశలుంటాయట. ఎందుకు చేస్తున్నామో, అది ఎవరికి కావాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చుకోవడం మొదటిది. తర్వాత ప్రణాళిక. తర్వాత నడపడం. అనుకున్నట్టు నడుస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండటం ఇంకోటి. ఆఖరికి అప్పగించడం. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న సంగతికి సైగాన్ నుంచి రావాలా అని లోపల నవ్వుకున్నాను కూడా. మర్నాడు హ్వా తాత దగ్గరికి పంపినప్పుడు ఆ నవ్వు పోయింది. తొట్లు బిగించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి, మీకు తెలుసుగా.

"తొట్లన్నీ విప్పి మళ్ళీ బిగించడానికి ఎన్నాళ్ళు పడుతుంది తాతా?"

"అయిపోతుందిలే."

"అయిపోతుందంటే, ఎప్పటికి?"

"అయినప్పుడు నీకే మొదట చెప్తాగా."

ఆ జవాబు పట్టుకుని వెళితే కుయెన్ కడుపు పట్టుకుని నవ్వింది. "ఎన్నాళ్ళని అడిగితే ఎవరూ చెప్పరు థ్వా. ముందు ఏం చేస్తారు, ఆ తర్వాత ఏం చేస్తారు, మధ్యలో మీకు అడ్డమొచ్చేదేంటి అని అడుగు. అప్పుడు ఆయనే చెప్పుకుపోతాడు" అంది. అలాగే అడిగాను. తాత టీ చల్లారిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. చెక్క ఎండాలట, వెదురు పట్టీలు ఒక్క ఊరి నుంచే రావాలట, తన మోకాలు చలికి సహకరించదట. అన్నీ రాసుకున్నాను.

ఎప్పుడొస్తారని నేనడిగినప్పుడల్లా మీరూ తాతలాగే "వస్తాలే" అంటారు. ఈసారి కుయెన్ పద్ధతిలో అడుగుతాను. మీకు అడ్డమొచ్చేదేంటి? జవాబు నాకు తెలిసిందే. మీ అక్కయ్య ఇంట్లో గుడ్డ తెర వెనక కాపురం చెయ్యలేమని, సొంత గోడలు లేచాకే బదిలీకి అర్జీ పెడతానని, అందాకా దీవి భత్యం కూడబెడదామని మీరే అన్నారు. నేనూ సరేనన్నాను. ఈ ఏడు మీ వయసు ఇల్లు కట్టడానికి మంచిదని పంచాంగం చూసే తాత చెప్పాడు కదా. వచ్చే రెండేళ్ళూ పనికిరాదన్నాడు. అందుకే ఈ ఏడు దాటనివ్వకూడదు. మన స్థలం చుట్టూ కంచెలా పెరిగిన డ్రాగన్ పండు తీగల్ని మొన్న ఆదివారం నేనే వెళ్ళి నరికించాను.

మీ
థ్వా


ఫాన్ థియెత్,
మార్చి, మధ్యలో.

ఉలుకూ పలుకూ లేని మా ఆయనకి,

రెండు పడవలొచ్చాయి. రెండింట్లోనూ మీ ఉత్తరం లేదు. సముద్రం బాగాలేదనుకోవడానికి కూడా లేదు, బాగుందని రేడియోలో చెప్పేది మీ స్టేషనే. కోపంగానే మొదలుపెట్టాను కానీ, ఈ ఉత్తరంలో కోప్పడే హక్కు నాకు లేదు. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

పోయిన వారం నా ప్రణాళిక అందరి ముందూ పెట్టాను. గోడ నిండా కాగితాలు. ఏ పని తర్వాత ఏ పని, ఎవరు చెయ్యాలి, వానలు దిగేలోపు కప్పు ఎలా పడాలి, ఎక్కడ దెబ్బ తినొచ్చు, తింటే ఏం చెయ్యాలి. నిప్పు, వరద, ఇటుకల ధర, హ్వా తాత మోకాలు కూడా రాశాను. డైరెక్టరు గారు చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో కాగితం చదువుతూ తల ఊపుతున్నారు. కుయెన్ నాకేసి చూసి కన్ను గీటింది. అప్పుడు ఆయన భార్య లియెన్ పిన్ని టీ పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చింది.

"అన్నీ బానే ఉన్నాయి గానీ అమ్మాయ్, మా ఆయన వయసు ఎక్కడ రాశావు?"

"వయసెందుకు పిన్నిగారూ?" అంది కుయెన్.

"ఎందుకంటావేంటే! పునాది తవ్వడానికి ఈయనకి ఈ ఏడు బొత్తిగా పనికిరాదు. ఈయన పలుగు పట్టుకున్నాడంటే నా పసుపు కుంకాలు నేను మూట కట్టుకోవాల్సిందే."

సైగాన్‌లో పెరిగిన కుయెన్ మరిచిపోయిందంటే సరే, ఇక్కడ పుట్టి పెరిగిన నేనెలా మరిచిపోయాను? మన ఇంటికి మీ వయసు చూపించుకుని వచ్చినదాన్ని, ఆయన వయసు అడగాలని తోచలేదు. డైరెక్టరు గారు గోడ మీది కాగితాల్ని జాలిగా చూశారు. ఇక మిగిలిన దారి ఒక్కటే, వయసు అరువు తెచ్చుకోవడం. మంచి వయసున్న మగవాడెవరైనా ఆ స్థలం తను కొన్నట్టు ఉత్తుత్తి కాగితం రాయించుకుని, ముహూర్తానికి వచ్చి తన చేత్తో మొదటి పలుగు వెయ్యాలి. కట్టడం పూర్తయ్యాక తిరిగి అమ్మినట్టు అప్పగించాలి. అలా ఇచ్చిన వయసు ఆ ఏడాదికి మళ్ళీ ఇంకెవరికీ పనికిరాదు, ఇచ్చినవాడికి కూడా. అందుకే ఎవరూ ఊరికే ఇవ్వరు. కంపెనీలో వయసు కుదిరినవాళ్ళంతా తల వంచుకుని టీ తాగుతున్నారు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చేసింది. "మా ఆయన వయసు బాగుంది బాబాయ్" అన్నాను.

ప్రాజెక్టు కోసం అన్నానని వాళ్ళంతా అనుకుంటున్నారు. లియెన్ పిన్ని నా రెండు చేతులూ పట్టుకుంది. వదిన మాత్రం ఇంటికొచ్చాక "నీకు మతి పోయిందా? సొంత ఇల్లు వదులుకుని యజమాని షెడ్డుకి వయసిస్తావా?" అని ఆ పూట నాతో కలిసి తినలేదు. నిజం వదినకి కూడా చెప్పలేదు, మీకే చెబుతున్నాను. నేను ప్రాజెక్టు గురించి ఆలోచించలేదు. వయసిచ్చినవాడు ముహూర్తానికి తనే రావాలి అన్న ఒక్క మాటే నా చెవిలో పడింది. మీరు తెల్లచొక్కా వేసుకుని రేవులో దిగడం, పలుగు పట్టుకుని ఆ మట్టిలో నిలబడటం, సాయంత్రం నా ఎదురుగా కూర్చుని అన్నం తినడం, ఇవే కనిపించాయి. ఇది ఇస్తే మన ఇల్లు మూడేళ్ళు వెనక్కిపోతుందని తెలిసే అన్నాను. మూడేళ్ళ తర్వాత వచ్చే ఇంటికంటే, వచ్చే నెల ఒక్కరోజు మీ ముఖం చూడటమే ఎక్కువైపోయింది నాకు. మీకు చెప్పకుండా మన ఇంటిని అమ్మేశాను. ఏమైనా అనండి, పడతాను. రానని మాత్రం అనకండి.

మీ తిట్లకి సిద్ధంగా ఉన్న
థ్వా


ఫూ కుయ్ దీవి, వాతావరణ కేంద్రం,
మార్చి ఆఖరు.

నా థ్వాకి,

నీ ఉత్తరం చదివి గాలి కొలిచే స్తంభం కింద చాలాసేపు కూర్చున్నాను. ఆ పూట గాలి వేగం రాయడం మరిచిపోయి, మా పెద్దాయన చేత చీవాట్లు తిన్నాను. తిట్టమన్నావు. ఎవర్ని తిట్టను? రెండు పడవలకి ఉత్తరం ఎందుకు వెయ్యలేదో చెబుతాను, ఆ తర్వాత ఎవరు ఎవర్ని తిట్టాలో నువ్వే తేల్చు.

మాకు వంట చేసిపెట్టే ఊత్ అవ్వ గురించి నీకు చెప్పానుగా. డిసెంబరు తుపానుకి ఆవిడ ఇల్లు మొత్తం పోయింది. అప్పట్నుంచీ కొడుకూ తనూ వలలు ఎండబెట్టే పాకలో ఉంటున్నారు. నేను పండుగ నుంచి తిరిగొచ్చేసరికి అవ్వ ఇటుకలు తెప్పించుకుని, కొడుకు వయసు ఈ ఏడు కుదరదని తెలిసి, వాటి మీద కూర్చుని ఉంది. దీవిలో వయసు కుదిరినవాళ్ళు చేపల వేట మీద దూరం పోయారు. అవ్వ నన్ను అడగలేదు థ్వా. అడిగి ఉంటే మేమే ఇల్లు కట్టుకోవాలని చెప్పేవాణ్ణేమో. అన్నం వడ్డిస్తూ "మీ వయసెంత బాబూ?" అని మాత్రం అంది. నేను చెప్పాను. గరిటె పట్టుకున్న ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.

మర్నాడు తెల్లారి మొదటి పలుగు నేనే వేశాను.

ఇదీ నా సంగతి. ఒకసారి ఇచ్చేసిన వయసు మీ డైరెక్టరు గారికి నేను మళ్ళీ ఇవ్వలేను. మన ఇంటిని నీకంటే ముందు నేనే అమ్మేశాను, అది నీకెలా రాయాలో తెలియక కాగితాలు చింపుతూ కూర్చున్నాను. నువ్వు ఒక్కరోజు నన్ను చూడటానికి ఇవ్వబోయావు. నేను ఎవరికో ఇచ్చాను. నీది మేలు కదూ?

ఇంకో విడ్డూరం విను. ఉత్తుత్తి కాగితమే అయినా, దాని ప్రకారం ఈ దీవిలో ఇప్పుడు నాకో ఇల్లుంది. పునాది అయింది, గోడలు మోకాలెత్తు లేచాయి. సిమెంటు వచ్చినప్పుడే పని సాగుతుంది. దూలం ఎత్తేటప్పుడూ, అప్పగించేటప్పుడూ నేనుండాలి, అందుకని కదలడానికి లేదు. సాయంత్రాలు డ్యూటీ దిగి వెళ్ళి ఆ మోకాలెత్తు గోడ మీద కూర్చుంటాను. మన ఇల్లయితే గుమ్మం ఇటు ఉండాలని, నువ్వు ఒప్పుకోవని, నాతో నేనే వాదించుకుంటాను. నాక్కూడా రావాలనే ఉంది. ప్రతి పడవకీ ఉంది.

నీ
ఖియెమ్


ఫాన్ థియెత్,
ఏప్రిల్, మొదటి వారం.

కాగితం మీద ఇంటాయనకి,

ముందు ఏడ్చాను. అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే వదిన మీ ఉత్తరం లాక్కుని చదివి, "మొగుడూ పెళ్ళాలకి ఇద్దరికీ కలిపి ఒక్క బుర్ర కూడా లేదు" అంది. ఆ మాటకి నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. అన్నట్టు వదిన నాతో మళ్ళీ మాట్లాడుతోంది.

కంపెనీ పని ఆగలేదు. లియెన్ పిన్ని తమ్ముడు ఫాన్ రాంగ్‌లో ఉన్నాడు, అతని వయసు కుదిరింది. కాకపోతే ముహూర్తం కొన్నాళ్ళు వెనక్కి జరిగింది. మీరు రారని చెప్పడానికి డైరెక్టరు గారి గదికి వెళ్ళినప్పుడు ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. సంగతి విని ఆయన "మీ ఆయన చేసింది మంచి పని. నువ్వు మాత్రం ఇంకోసారి మీ ఆయన్ని అడిగి ఇవ్వు" అన్నారు, అంతే. కుయెన్ తన పాఠాల కాగితాల్లో మొదటి దశ కింద 'యజమాని వయసు' అని కొత్తగా రాసుకుంది. సైగాన్‌లో నేర్పేటప్పుడు నా పేరే చెబుతుందట.

తేదీలు మారాయి కాబట్టి ఇద్దరం కూర్చుని ప్రణాళిక మళ్ళీ గీశాం. ఈ పని అయితేనే ఆ పని అని నేను గీసిన ప్రతి గీత దగ్గరా కుయెన్ ఆగింది. "నిజంగా దీని కోసం అది ఆగాలా? లేక అలవాటు కొద్దీ గీశావా?" అని ఒకటే పోరు. సగం గీతలు అలవాటువే. తొట్లు విప్పడానికి నేల చదును అయ్యేదాకా ఆగక్కర్లేదట. చీటీల గది ఖాళీ చెయ్యడానికి ఎవరి కోసమూ ఆగక్కర్లేదట. అవన్నీ చెరిపేస్తూ చెరిపేస్తూ నా చెయ్యి ఆగిపోయింది. ఇల్లు అయ్యాకే మనం కలిసుండాలని గీసింది ఎవరు? మీరు గీశారు, నేను దిద్దాను. దీవికి వెళ్ళే పడవ నెలకి ఎన్నిసార్లో ఉంది. నాకు వాంతులవుతాయని, టికెట్టు దండగని, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అది ఎక్కలేదు. మిమ్మల్నే రమ్మన్నాను, నేనొస్తానని ఒక్కసారీ అనలేదు.

కొత్త ముహూర్తందాకా నాకు సెలవిచ్చారు. వదిన నిమ్మకాయలు, అల్లం ఒక సంచీ నిండా కట్టింది, పడవలో వాసన చూస్తూ ఉండమని. "మీ తమ్ముడికేం పంపుతావు?" అంటే "నిన్ను పంపుతున్నాగా, చాలదా?" అంది. దోమతెర తెస్తున్నాను, గోడల మీద నాకు నమ్మకం లేదు.

ఊత్ అవ్వ ఇల్లు అప్పగించేదాకా మీదే. మీదైతే నాదీ. కప్పు లేకపోతేనేం, వానలకి ఇంకా వ్యవధి ఉందని రేడియోలో చెప్పింది మీరే. అందులో ఒక్కపూటైనా పొయ్యి వెలిగించి మీకు నా చేత్తో అన్నం పెట్టి, ఆ తర్వాత ఇద్దరం కలిసి ఆవిడకి అప్పగిద్దాం. గుమ్మం సంగతి కూడా అక్కడే వాదించుకుందాం. మీరొక్కరే వాదిస్తే ఎలా?

దీనికి జవాబు రాయకండి. ఈ ఉత్తరాన్ని టపా సంచిలో వెయ్యలేదు, నా చేత్తోనే ఇస్తున్నాను. చదవడం అయిపోయింది కదా, తల ఎత్తండి.

మీ
థ్వా