ఓవర్‌టైమ్ సీసా

అమ్మా,

నువ్వు పోయాక ఇది రెండో చలికాలం. ఈ సంగతి చెప్పాల్సింది నీకే.

ఇవాళ మా కద్మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల చేత ఇంటి ఖర్చుల బడ్జెట్ రాయించాను. అందరూ వాళ్ల నాన్నల కార్ఖానా ఓవర్‌టైమ్ డబ్బును జీతంలో కలిపేశారు. నువ్వు గుర్తొచ్చావు. జీతాల రోజున ఓవర్‌టైమ్ డబ్బు విడిగా గాజుసీసాలో వేసేదానివి. నేను చెయ్యి పెట్టబోతే, "అది జీతం కాదే, మీ నాన్న నిద్దర. తినేత్తామేటి?" అని కసిరేదానివి. నాన్న నీరసపడిన నెల ఆ సీసాలో దాచింది చూపించి, ఇది చాలని ఓవర్‌టైమ్ మాన్పించేదానివి.

నీ మాటే వాళ్లకు చెప్పి, ఓవర్‌టైమ్ తీసేసి మళ్లీ లెక్క వెయ్యమన్నాను. చాలామందికి కుదరలేదు. భాలుబాసా బస్తీ నుంచి వచ్చే పార్వతి మాత్రం కాగితం చిరిగేదాకా రబ్బరుతో చెరిపి, సినిమాలూ కొత్త రిబ్బన్లూ కొట్టేసి లేచి నిలబడింది.

"హో గయా టీచర్, కుదిరిపోయింది! అయితే ఆదివారం మా నాన్న ఇంటికాడే ఉంటాడా?"

"ఆ కాగితం మీ అమ్మకి చూపించు" అన్నాను.

నేను ఇంటికొచ్చేసరికి, రిటైరైన నాన్న పట్టపగలు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాను.