చల్లటి గడ్డ

బెర్గెన్, ఫిబ్రవరి 11

నాన్నకు,

సున్నివా ప్రేమతో రాసేది. ఇక్కడ నేను క్షేమమే. అమ్మ కులాసాగా ఉందనీ, నువ్వు గంజైనా మింగగలుగుతున్నావనీ తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఎండుచేప అందింది. కట్ట విప్పగానే పక్కగది అమ్మాయి తలుపు తట్టి, "లోపలెవరైనా పోయారా?" అంది. తింటున్నాను, బెంగపడకు. వాన ఆగలేదు. నా పనిగదికి కిటికీ లేదు. ఉన్నవి రెండు తలుపులు, ఒకటి మూసుకుంటేగాని రెండోది తెరుచుకోదు. నిన్న ఆ రెండింటి మధ్యా నిలబడి, ఎటు వెళ్లాలో తోచక అలాగే ఉండిపోయాను.

"నా నెత్తురుతో ఏం చేస్తారే?" అన్నావు. నీకొచ్చినట్టు నోట్లో, గొంతులో వచ్చే గడ్డలన్నీ ఒక జాతివి కావు. ఒంట్లో కాపలా కణాలుంటాయి. గడ్డను కోయకుండా, ఒక గొట్టం రక్తంలో ఆ కణాల తీరు చూసి ఏది ఏ జాతో చెప్పగలమా అని వెతుకుతున్నాం. ఇంకా ఏదీ రుజువు కాలేదు. గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే. ఎవరివో మాకు తెలియకూడదు.

నీ అంకె నువ్వే రాసి పంపావు, పడవ నంబరు చెప్పినంత గొప్పగా. నేను వెతికి చూశాను నాన్నా.

అది చూసిన మంగళవారమే అమ్మ ఫోన్ చేసేసరికి మా పై అధికారి ఇంగ్విల్ పక్కనే ఉంది. "ఒసే, మీ నాన్న నా ప్రాణం తీస్తున్నాడు. ఏం తేలిందో ఒక్క ముక్క చెప్పు!" అంది అమ్మ. "చల్లటి రకం" అన్నాను గొంతు తగ్గించి. వెనకనుంచి నీ బొంగురు గొంతు: "చల్లగా ఉన్నది చెడదే పిచ్చిదానా! నలభై ఏళ్లుగా చేపలకి ఐసు పెట్టే బతుకుతున్నాం!" నువ్వు నవ్వావు. ఇంగ్విల్ నావైపు చూస్తోంది. నేనూ నవ్వి ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడీ ఉత్తరంలో రాశావు, కాడ్ చేపల కాలం అయ్యాక ఏప్రిల్లో చూద్దామని ఆపరేషన్ వాయిదా వేయించానని.

నాన్నా, మా భాషలో చల్లటిదంటే చెడనిది కాదు. కాపలా కణాలు దాని దరిదాపులకే పోలేదని. దాన్ని అడ్డుకునేవాళ్లు లేరని. మా లెక్క తప్పైనా కావచ్చు. కానీ ఏ జాతిదైనా గడ్డ ఏప్రిల్ దాకా ఊరుకోదు.

నీ ఉత్తరం అందాక నాలుగు రోజులు నోరు కుట్టేసుకున్నాను. ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరకదన్న భయం. పొద్దున ఇంగ్విల్‌కి చెప్పేశాను.

"నాన్నదని తెలిసే చూశావా?"

"తెలిసే."

"పనిగది తలుపుల కార్డు ఇచ్చెయ్. ముందు ఇంటికి ఫోన్ చెయ్యి, ఏడుపు తర్వాత."

చేశాను. అమ్మ చెబితే నువ్వు "పిల్ల బెంగపెట్టుకుందిలే" అన్నావట. కాగితం మీద ఉంటేగాని నమ్మవు కదా, అందుకే ఇది. ఎడ్విన్ బాబాయి రేపు ఇక్కణ్ణుంచి విమానంలో అక్కడికి వస్తున్నాడు, నీ చేతికే ఇస్తాడు. అమ్మ డాక్టర్‌ని బతిమాలి సోమవారానికి మళ్లీ తారీఖు తీసుకుంది.

నామీద కోపం తెచ్చుకో, ఎంతైనా తిట్టు. కానీ పడవలో కూచుని కాదు. సోమవారం పొద్దున ఆసుపత్రి మంచం మీద పడుకుని తిట్టు, నేనూ వచ్చి పక్కనే నిలబడి వింటాను.

ఇట్లు,
నీతోపాటు నవ్విన నీ కూతురు,
సున్నివా