ముగ్గు వేసినవారి పేరు

మోవా, రాయపూర్

అక్కకూ బావగారికీ తమ్ముడు రమణ నమస్కారాలు. ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు. నీ కాలినొప్పి తగ్గిందా? అమ్మ మందులు వేసుకుంటోందా? ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. రోలింగ్ మిల్లులో పని మామూలే. అన్నం కింద వాటాలో ఉండే పిన్నే పెడుతోంది. నిజంగా దిగులు పడకు.

పిన్ని అంటే ఇంటాయన భార్య. ఆయనది రైల్వే ఉద్యోగం, ఇద్దరూ మన సిక్కోలు వాళ్లే. ఇక్కడ ఫ్యాక్టరీల మసి డాబాలమీద రాలుతుంది. నేను డాబామీద ఒక తెల్లగుడ్డ పరిచి, దానిమీద పిన్నిచేత ముగ్గు వేయించాను. కొన్నాళ్లు మసి పడ్డాక పిండి మెల్లగా దులిపితే, నల్లటి గుడ్డమీద ముగ్గు తెల్లగా తేలింది. చూసి నాకే ఒళ్లు జలదరించింది.

దేవేంద్ర నగర్‌లో ఒక బొమ్మల గ్యాలరీ ఉంది. కొత్తవాళ్లు ఏం చేయదలిచారో రాసిస్తే, నచ్చితే ప్రదర్శనకు ఒక గోడ ఇస్తారట. నేనూ రాశాను. కళ ఎవరిది, పెట్టుబడి ఎవరిది అంటూ మిల్లు యూనియన్ కరపత్రాల్లో చదివిందంతా దింపాను.

గడువు చివరిరోజున గుడ్డను అట్టమీద పరచి, పిన్నీ నేనూ చెరో కొస పట్టుకుని ఆటోలో వెళ్లాం. పిన్ని పట్టుచీర కట్టింది. గ్యాలరీలో అమ్మాయి నా కాగితాలు ఓపిగ్గా చదివింది.

"భాషణ్ తో అచ్ఛా హై భయ్యా. కరేంగే క్యా?"

ఉపన్యాసం బాగుంది గాని చేసేదేమిటని అడిగింది. ఏం చేస్తానో అదొక్కటే అందులో లేదు. అయినా గుడ్డ చూసి లేచి నిలబడింది అక్కా. ఇది తీసుకుంటాం, ఒక్క పేజీలో మళ్లీ రాసివ్వండి, ముగ్గు వేసినవారి పేరు కూడా రాయండి అంది.

పిన్ని పేరు నాకు తెలియదు. వచ్చినప్పటినుంచీ ఆమె చేతి అన్నమే తింటున్నాను. సిగ్గుపడాల్సినవాణ్ణి, అరిచాను. "ప్రజల కళకు పేరుండదు! పేర్లు అమ్ముకునేది మీరు!" అంటూ గుడ్డ లాక్కుని, చుట్టి చంకలో పెట్టుకుని బయటికొచ్చాను. విప్పితే మసంతా అలుక్కుపోయింది. ముగ్గు లేదు.

తిరిగొస్తూ ఆటోలో పిన్ని నావైపు తిరిగింది.

"ఏటిరా నీ గుస్సా! ఆ పిల్ల తప్పేటడిగింది? నా పేరే కదా. నానక్కడే బెంచీమీద కూకున్నాను. అడిగితే సెప్పీదాన్ని."

"నాకు తెలీదు పిన్నీ. అందుకే అరిచాను."

"తెలీదా!" పెద్దగా నవ్వింది. "మా ఆయనకైనా గేపకముందో లేదో. అప్పలనరసమ్మ."

మర్నాడు వెళ్లి ఆ అమ్మాయిని క్షమించమన్నాను. గోడ అప్పటికే వేరొకరికి ఇచ్చేశారు. పిన్నిని మళ్లీ ముగ్గు వేయమని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఆమె మాత్రం ఎప్పటిలాగే పిలిచి అన్నం పెడుతోంది.

అమ్మతో ఇదంతా చెప్పకు. నా కోపం తగ్గాలని దీవించమను చాలు. పెద్దలందరికీ నా దండాలు. ఒక్క పని చేసిపెట్టు. ఇన్నాళ్లూ కవరుమీద కేరాఫ్ అని ఇంటాయన పేరు రాస్తున్నావు. ఈసారి అప్పలనరసమ్మ గారు అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాయి. పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి ఆ పేరు పిలవాలి.

నీ తమ్ముడు,
రమణ