రెక్కలతోనే వస్తానంటోంది

ప్రొద్దుటూరు,
సోమవారం.

మార్తమ్మ అత్తకు ప్రభుదాసు వందనాలు. మేమిద్దరం బాగున్నాం, దిగులు పడొద్దు.

ఈ శని, ఆదివారాల్లో మీ మనవరాలు కెజియా వాళ్ళ ఇడుపులపాయ కాలేజీలో కథల్లోని వేషాలు వేసుకునే పండుగ. ఎవరి వేషం వాళ్ళే కుట్టుకోవాలట. ఇంటికొచ్చి లిడియా మిషను మీద కుడుతోంది. రెక్కలకు వాళ్ళమ్మ తెల్లచీర తీసుకుంది, నన్ను అడిగే కత్తిరించింది. ఆ మిషను చప్పుడు వింటూ ఇంట్లో కూర్చోలేక వీధిలో తిరుగుతున్నాను.

నిన్న రెక్కలు కట్టుకుని వాకిట్లోకి వస్తే ఎదురింటి సంజీవమ్మ, "ఏంది పాపా, క్రిస్మస్ శానా దూరముంది, అప్పుడే దేవదూతవైనావా?" అంది.

"దేవదూతను కాదవ్వా, పక్షుల రాణిని."

"ఏ రాణివైనా లోపలికి పో, మా మేకలు బెదురుతాండాయి."

మిషను బెల్టు జారుతోంది. లిడియా దానికి ఏం పూసేదో మీకు తెలుసా? మామ మోకాలి నొప్పి తగ్గిందా?

అసలు సంగతి ఫోనులో అడగలేక కార్డు రాస్తున్నాను. ఆదివారం సాయంత్రం వల్లూరులో లిడియా సమాధి దగ్గర జరిగే సంవత్సరపు ప్రార్థనకు కెజియా నేరుగా ఆ వేషంలోనే వస్తానంటోంది. బట్టలు మార్చుకుని రమ్మన్నాను. "మార్చుకోను నాయనా, అమ్మకు చూపిచ్చాల" అంది. కాదనలేకపోయాను. సంఘ పెద్దలు ఏమైనా అంటే మీరు దాని పక్కన నిలబడి జవాబు చెప్పండి. నాకక్కడ మాట రాదు.

మిమ్మల్నిద్దరినీ ప్రభువు చల్లగా చూడాలి.

మీ అల్లుడు,
ప్రభుదాసు